ఉక్కు రుచి తెలిసిన మనిషి

పోయినవారం అనకాపల్లిలో బస్సు కోసం నిలబడి ఉంటే చోడవరం బెల్లం వర్తకుడొకాయన కనిపించాడు. నేనక్కడ పనిచేసిన రోజుల్లో ముఖపరిచయం. ఆ మాటా ఈ మాటా అయ్యాక, చెక్కడం పనిచేసే ముసలాయన పోయాడని చెప్పాడు. నాకు గుర్తు రాలేదనుకున్నట్టున్నాడు. "అదేనండీ, ఉలి నాకీవోడు" అన్నాడు నవ్వుతూ.

నేనూ నవ్వాను. ఆ నవ్వు ఎందుకొచ్చిందో నాకు తెలీదు. ఎదటివాడు నవ్వితే నవ్వడం నాకు పాత అలవాటు. రెండు నిమిషాలకి, వచ్చిన బస్సు ఎక్కకుండా పక్కకి వెళ్ళి కూర్చున్నాను.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో, చోడవరంలో ఒక పెద్దమనిషి తన బెల్లం గొడౌను ఖాళీ చేయించి చేతిపనుల బడి పెట్టాడు. నాలుగేళ్ళు నడిచి మూతపడింది. ఇప్పుడక్కడ మళ్ళీ బెల్లం దిమ్మలే ఉన్నాయి. నేను అందులో చెక్కపని మేష్టర్ని. ఆరు నెలల ట్రెయినింగు, ఒక సర్టిఫికెట్టు, ఒక ఇంగ్లీషు కేటలాగు, ఇవీ నా అర్హతలు. కేటలాగులో ఉలుల బొమ్మలన్నీ నాకు కంఠతా వచ్చు. ఉలి పట్టుకుని టేకు మీద ఒక ఆకు చెక్కమంటే మాత్రం, అది ఆకో నాలుకో చూసినవాళ్ళే తేల్చుకోవాలి.

మొదటిసారి ఆ ముసలాయన దగ్గరికి వెళ్ళింది ఉలుల గురించే. బడికి చెక్కడం ఉలులు కావాలి. విశాఖపట్నంలో ఇనప సామాన్ల కొట్టువాళ్ళు రెండు రకాల మచ్చు పంపారు. ఒకటి ఇంగ్లీషు సరుకు, ఉక్కు మీద పరుగెత్తే జింక గుర్తు. ఇంకొకటి జర్మనీది, ఎదురెదురుగా రెండు చేపల గుర్తు. ఒక్కో రకంలో ఒక తిన్నటి ఉలి, చెంచాలా లోపలికి గుంటదేరిన ఒంపు ఉలి ఒకటి. రెండూ పేరున్న సరుకులే. కేటలాగు రెండింటినీ ఒకే మాటలతో పొగిడింది. ఏది తెప్పించాలో తేలక నేను తికమకపడుతుంటే, వీధి చివర పాకలో ఉన్నాయనకి చూపించమని బడి బంట్రోతు చెప్పాడు.

పాక ముందు పీట మీద కూర్చుని ఉన్నాడు. యాభై అయిదు దాటి ఉంటాయి. ఒంటినిండా రంపపు పొట్టు, చెమటకి అంటుకుపోయి, పొక్కుల్లా ఉంది. బుగ్గలో కాడపొగాకు ముద్ద. ఎడమ ముంజేతి మీద ఒక్క వెంట్రుక లేదు, ఈకలు పీకిన కోడిలా ఉంది. పదును చూడ్డానికి ఆ చెయ్యే గీసుకుంటాడని తరవాత తెలిసింది. ఎదురుగా సానరాయి. దాని మీద అందరూ నీళ్ళు పోస్తారు, ఈయన ఉమ్మాడు. ఆ పొగాకు ఉమ్మిలో ఉలిని అటూ ఇటూ రుద్ది, తన పిక్కకే తుడిచి, నాలుక చివర ఉక్కుకి ఆనించి, కళ్ళు మూసుకుని ఉండిపోయాడు. చూస్తున్న నాకు వాంతి వచ్చినంత పనయింది. సంచిలో ఉన్న కొత్త ఉలులు ఆ చేతికివ్వడానికి మనసొప్పలేదు.

ఇచ్చాను. ఇస్తూ, ఇది జింక గుర్తు, ఇది చేపల గుర్తు అని చదివి వినిపించబోయాను. ఆయన ఆ గుర్తుల మీద బొటనవేలు అడ్డం పెట్టాడు.

"గుర్తు సూసి కొనీవోడు గుర్తే కొంటాడు బాబూ. ఉలి కొనడు."

ఆ తరవాత గంటసేపు నన్ను మర్చిపోయాడు. ఒక్కో ఉలినీ కంటికి ఎదురుగా ఎత్తి, ఒక కన్ను మూసి, పిడి నుంచి మొన దాకా చూశాడు. మెడ ఏమాత్రం పక్కకి వాలినా దెబ్బ పక్కకే పోతుందట. ఒంపు ఉలి లోపలి గాడిలో గోరు పెట్టి గీశాడు. బయట ఎంత మెరిసినా లోపల ఆకురాయి గీతలు మిగిలుంటే, ఆ గీతలే చెక్క మీద పడతాయట. దారానికి వేలాడదీసి గోటితో మీటి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. ముంజెయ్యి గీసుకున్నాడు. చివరికి నాకాడు.

టేకు చెక్క తీస్తాడనుకుంటే బూరుగు ముక్క తీశాడు. గట్టి చెక్క మొద్దు ఉలికీ లొంగుతుందట. మెత్తటి చెక్కని అడ్డంగా కోసినప్పుడే ఉలి గుట్టు బయటపడుతుంది. పదునుంటే కోస్తుంది, లేకపోతే నలిపేస్తుంది. రెండు రకాలూ జున్ను కోసినట్టు కోశాయి. అప్పుడు టేకు తీసి ఒక్కోదానితో చాలాసేపు పనిచేసి మళ్ళీ బూరుగు కోశాడు. జింక గుర్తుది కాస్త మొద్దుబారింది. నాలుగు రుద్దులు రుద్దితే తేరుకుంది. చేపల గుర్తుది మొదటిలాగే కోసింది గాని, ఆయన దాని అంచు వెంట గోరు నడిపించి ఒకచోట ఆపి, నా వేలు పట్టుకుని అక్కడ పెట్టాడు. నువ్వుగింజలో సగమంత పెచ్చు లేచి ఉంది.

"రొండూ మంచివే" అన్నాడు. "జింక మెత్తన. తొందరగా అరుగుతాది, తొందరగా పదునెక్కుతాది. సేపలది మొండిది. పదును నిలబడతాది గానీ టేకులో ఇసక తగిల్తే పెచ్చూడతాది. నా సేతికైతే సేపలది. నీ పిల్లలకి జింక తెప్పించు. ఆళ్ళెలాగూ పాడుసేస్తారు. పాడుసేసి బాగుసేసుకోడం నేర్సుకుంటారు."

కేటలాగు ఎనభై పేజీల్లో చెప్పలేనిది అది. నేను జింక గుర్తుకే రాశాను.

అప్పట్నించి సాయంత్రం బడి అవగానే ఆ పాక దగ్గరికి వెళ్ళడం మొదలుపెట్టాను. ఆయన్ని ఇష్టపడటం తేలిక కాదు. దేన్ని చూసినా ఛీ అనేవాడు. ఆ ఛీలో తేడాలుండేవి. మేకు కొట్టి అతికించిన పనికి ఒక రకం. చెక్కాల్సిన పువ్వుని రంగుతో వేసిన తలుపుకి ఇంకో రకం. పదును చూస్తున్నానంటూ బొటనవేలిని అంచు వెంట జరిపే మనిషిని చూస్తే ఛీ అని కూడా అనేవాడు కాదు, ముఖం తిప్పుకునేవాడు. భార్య వండిన పులుసు నోట్లో పెట్టుకుని, ఉక్కుని చూసినట్టే కళ్ళు మూసుకుని, "నీరెక్కువ పట్టింది" అనేవాడు. ఆవిడ నిప్పు లోపలికి పెట్టి కాల్చే అడ్డపొగ చుట్ట నోట్లోంచి తియ్యకుండానే, ముప్ఫై ఏళ్ళుగా ఎక్కువే పడుతోందని జవాబిచ్చేది. ఆవిడకీ ఆయనకీ పిల్లల్లేరు. ఉన్నా వాళ్ళనీ నాకి చూసి పక్కన పెట్టేవాడని ఆవిడే ఒకసారి అంది.

ఎవరి పనినీ బాగుందని నోటితో అనడం నేను వినలేదు. బాగుంటే మాట్లాడేవాడు కాదు. ఆ మౌనం కోసం నేను నెలల తరబడి ఉలి నూరాను. ఒకనాడు నేను నూరిన ఉలి అందుకుని, ముంజెయ్యి గీసుకుని, ఏమీ అనకుండా దాంతోనే పని మొదలుపెట్టాడు. ఆ రోజు ఇంటికి నడిచి వెళ్ళిన దారి నాకు గుర్తు లేదు.

అప్పుడాయన దేవరాపల్లి ఆసామీ ఒకాయన కట్టిస్తున్న గుడికి తలుపులు చెక్కుతున్నాడు. రెండు రెక్కలు. ఒక్కోదాని మీద కింద నుంచి పైకి పాకే తామర తీగ, తీగ మీద చిలకలు. ఒక రెక్క పూర్తయింది. దాని మీది చిలకల్లో ఏ రెండూ ఒకేలా ఉండవు. ఒకటి మాత్రం తల వెనక్కి తిప్పి తన రెక్కల్ని తానే రోతగా చూసుకుంటున్నట్టుంటుంది. ఇది మీరే కదా అంటే, పొగాకు ఉమ్మేసి పని చూసుకున్నాడు.

బడికి ఉలులు వచ్చాయి. జింక గుర్తే. అట్టపెట్టెల్లో, నూనె కాగితం చుట్టి, వరసగా. నేను సంబరంగా ఒకటి పట్టుకుని పాక దగ్గరికి పరిగెత్తాను. ఆయన బూరుగు ముక్క తీసి అడ్డంగా కోశాడు. చెక్క తెగలేదు, నలిగి పీచు లేచింది. నాలుక ఆనించాడు. వెంటనే ఉమ్మేశాడు. లేచి కుండ దగ్గరికి వెళ్ళి నీళ్ళతో నోరు పుక్కిలించుకున్నాడు. అంతకుముందు ఆయనలా చెయ్యడం నేను చూడలేదు.

"ఇది జింక కాదు" అన్నాడు. "ఎవుడో జింక తోలు కప్పేడు. మొన మెత్తన, మెడ పెళుసు. ఇది ఇరుగుతాది బాబూ. ఇరిగిన్రోజు ఎవుడి సెయ్యో పోతాది. అన్నీ ఎనక్కి పంపీ."

మచ్చు పక్కన పెట్టి గుర్తు చూశాను. ఈ జింకకి కొమ్ములు లేవు. ఉక్కు మీద కొట్టిన అక్షరాలు వంకరగా ఉన్నాయి.

హెడ్మాస్టరుకి చెప్పాను. ఆయన విసుక్కోలేదు. కుర్చీ చూపించి, నెమ్మదిగా చెప్పాడు. కొట్టువాళ్ళ దగ్గర్నించి కాదట, బడి పెట్టిన పెద్దమనిషి బావమరిది స్వయంగా తెప్పించిన సరుకట. మచ్చు ప్రకారమే ముట్టిందని చెక్కపని మేష్టరు సంతకం పెట్టాలి, అదొక్కటే మిగిలింది. తరవాత, నా ఉద్యోగం ఇంకా టెంపరరీయే కదా అని, వాతావరణం గురించి అడిగినట్టు అడిగాడు. ఇంట్లో నా భార్యకి ఏడో నెల. సాకు అది. సాకు లేనివాడెవడు? పెన్ను ఆయనదే ఇచ్చాడు. సంతకం పెట్టాను.

ఆ పెట్టెల్ని బీరువాలో పెట్టి తాళం వేసి, పిల్లల చేతికి ఒక్కటీ ఇవ్వలేదు. పాత ఉలులతోనే పాఠం నడిపాను. అందులో నేనేదో మంచితనం చూపించానని నన్ను నేను మెచ్చుకున్నాను కూడా. తల్చుకుంటే సంతకం కన్నా అదే ఎక్కువ అసహ్యంగా ఉంటుంది.

ఉలులు వెనక్కి పంపావా అని ముసలాయన అడిగాడు. పంపేశానని చెప్పాను. కొత్తవి వచ్చాయా అంటే, వచ్చాయి, అసలైనవే అన్నాను. ఆయన కాసేపు నా ముఖం చూసి, వీపు మీద చెయ్యి వేశాడు. బరువైన చెయ్యి. పనికి తప్ప అంతకుముందు ఎప్పుడూ నన్ను తాకలేదు.

రెండు నెలలకి తనిఖీకి ఆఫీసరు వస్తున్నాడని కబురొచ్చింది. చెక్కపని ఎలా నేర్పుతున్నామో కళ్ళారా చూస్తాడట. నా పని చూపిస్తే బడి పరువు పోతుందని హెడ్మాస్టరుకి తెలుసు, నాకూ తెలుసు. ఆ ముసలాయన్ని పిలిచి, మా గురువని చెప్పి కూర్చోబెట్టమన్నాడు. ఉలులు మాత్రం బడివే ఉండాలి, ఆఫీసరు కొత్త సామాను చూడాలి.

నేనే వెళ్ళి పిలిచాను. తన ఉలుల మూట కట్టుకోబోతుంటే, అక్కర్లేదు, బడివి ఉన్నాయన్నాను. మూట విప్పి మళ్ళీ గూట్లో పెట్టేశాడు. ఉతికిన పంచె కట్టుకున్నాడు. నోట్లో పొగాకు ఉమ్మేసి ముఖం కడుక్కున్నాడు. ఆ రోజు ఆయన్ని చూసి ఎవరూ రోత పడేవారు కాదు.

ఉదయం పది గంటలు. గొడౌను నడుమ బల్ల మీద టేకు పలక. ఎదురుగా ఆఫీసరు, హెడ్మాస్టరు, బడి పెట్టిన పెద్దమనిషి, వెనక పిల్లలు. ముసలాయన ఒంపు ఉలి అందుకుని అలవాటుగా నోటి దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆఫీసరుగారు చూస్తున్నారు, కానియ్యండని హెడ్మాస్టరు తొందరపెట్టాడు. ఆయన చెయ్యి దించి ఉలి చెక్కకి ఆనించి తోశాడు.

ఒక్క తోపుకే ఆగి, తలెత్తి నా కేసి చూశాడు.

అప్పుడు నేను చెప్పొచ్చు. ఒక్క మాట చాలు. నేను చేతులు కట్టుకుని నిలబడి, కళ్ళతో బతిమాలాను. ఆయన నా ముఖంలో ఏం చదివాడో, మళ్ళీ పనిలోకి వంగాడు. సుత్తి ముట్టుకోలేదు. రెండు చేతులతో ఉలిని జాగ్రత్తగా తోస్తూ, దాన్ని మోసుకెళ్తున్నట్టు, ఒక రేకు గీశాడు. అలాంటి ఉలితో ఆ రేకు రావడమే గొప్ప.

అయితే అది ఆఫీసరు కంటికి ఆనలేదు. ఏమీ కనపడ్డం లేదు, సుత్తితో కొట్టరా అని అడిగాడు. హెడ్మాస్టరు చెక్కసుత్తి తీసి ఆయన చేతిలో పెట్టాడు. ఆయన మళ్ళీ నా వైపు చూడలేదు. ఎడమచేత్తో ఉలి మెడ పట్టుకుని, మెల్లగా ఒకటి, రెండు, మూడు దెబ్బలు వేశాడు. నాలుగో దెబ్బకి మెడ ఫటుక్కున విరిగింది. ఆ ఊపుకి ఆయన ఎడమచెయ్యి ముందుకు జారి, పలకలో దిగబడి ఉన్న ముక్క మీద పడింది. బొటనవేలు మొదట్లో, ఎముక దాకా తెగింది.

పలక మీద గీసిన రేకులోకి నెత్తురు నిండుతుంటే ఆయన దాన్నే చూస్తూ ఉండిపోయాడు. హెడ్మాస్టరు ముందు ఆఫీసరు పంట్లాము మీద చుక్కలు పడ్డాయేమోనని చూశాడు. నేను కండువా చుట్టి, బండిలో ఆస్పత్రికి తీసుకెళ్ళాను. కాంపౌండరు కుట్లు వేశాడు. దారి పొడుగునా నేను మాట్లాడాను. ఏదేదో మాట్లాడాను. అదేమిటో ఇప్పుడు గుర్తు తెచ్చుకోబుద్ధి కాదు.

సాయంత్రం హెడ్మాస్టరు చెప్తుంటే నేనే రాశాను. పనివాడు వయసు మళ్ళినవాడు, చెయ్యి వణకడం వల్ల ప్రమాదం జరిగింది. నా దస్తూరీ ముత్యాల్లా ఉంటుందని చిన్నప్పట్నించీ అందరూ అంటారు. ముత్యాల్లాగే రాశాను. చెక్కపని శాఖ తృప్తికరంగా ఉందని ఆఫీసరు రాసి వెళ్ళాడు. మూడు నెలలు తిరక్కుండా నా ఉద్యోగం పర్మనెంటు అయింది.

గాయం మానింది గాని, బొటనవేలు మళ్ళీ ఒంగలేదు. సుత్తి కొట్టే చెయ్యి బాగానే ఉంది. ఉలి పట్టే చెయ్యే పోయింది. దేవరాపల్లి ఆసామీ కొన్నాళ్ళు ఎదురుచూసి, రెండో రెక్కకి ఉత్త పలక బిగించి గుడి తెరిచేశాడు. ఇప్పటికీ అంతే. తలుపు మూస్తే ఒక పక్క చిలకలు, తీగ. ఇంకో పక్క వట్టి చెక్క.

నేను ఆ వీధిలోకి వెళ్ళడం మానేశాను. బజారులో ఆయన ఎదురైతే కొట్టులోకి తప్పుకునేవాణ్ణి. బడి మూతపడ్డాక అనకాపల్లిలో ఇంకో బడికి మారాను. అక్కడున్నాక ధైర్యం వచ్చింది. దూరం నుంచి వచ్చే ధైర్యం. ఒక చేపల గుర్తు ఒంపు ఉలి కొనిచ్చి కాళ్ళ మీద పడదామనుకున్నాను. అప్పటికి ఫారిన్ సరుకు రావడం తగ్గిపోయింది. విశాఖపట్నంలో కొట్టుకొట్టూ తిరిగి, చివరికి ఓడరేవు పక్క ఒక పాత కొట్లో సంపాదించాను. ఈసారి గుర్తు చూసి కొనలేదు. మెడ చూశాను, గాడి చూశాను, దారానికి కట్టి విన్నాను. కొట్టువాడు పక్కకి తిరిగినప్పుడు నాలుక కూడా ఆనించాను. ఉక్కు చల్లగా తగిలింది. అంతకన్నా నాకేమీ తెలియలేదు.

మంచి ఎండలో చోడవరం వెళ్ళాను. పాక ముందు అదే పీట మీద ఉన్నాడు. చిక్కిపోయాడు. ముంజేతి మీద వెంట్రుకలు పెరిగాయి. రా అనలేదు, పో అనలేదు. నేను కింద కూర్చుని, ఆ రోజు అబద్ధం చెప్పానని చెప్పాను. తెలుసన్నట్టు తలూపాడు. గుడ్డ విప్పి ఉలి ముందు పెట్టాను.

ఆయన కళ్ళు దాని మీద పడ్డాయి. ఎంతోసేపు ముట్టుకోలేదు. తరవాత కుడిచేత్తో తీసుకుని, ఒక కన్ను మూసి మెడ చూశాడు. గాడిలో గోరు పెట్టాడు. ఎడమచేతికి దారం పట్టు దొరక్కపోతే, భార్య వచ్చి దారం పట్టుకుంది. ఆయన మీటి, చెవి పెట్టి విన్నాడు. నాకాడు. కళ్ళు మూసుకుని అలాగే ఉండిపోయాడు. ఆ ముఖం అంత నెమ్మదిగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. గుండె మీది రాయి దిగినట్టయింది నాకు.

"మంచుక్కు" అన్నాడు. "ఇలాటిది సూసి సేన్నాళ్ళయింది."

తరవాత ఆ ఉలికి తనే, ఒంటిచేత్తో, నేను తెచ్చిన గుడ్డ చుట్టాడు. చుట్టడానికి చాలాసేపు పట్టింది. సాయం చెయ్యబోతే తల అడ్డంగా తిప్పాడు. చుట్టి నా ఒళ్ళో పెట్టాడు.

"ఉలిది తప్పేటీ లేదు బాబూ. నువ్విస్తే నాకొద్దు."

ఆ మాటలో కోపం లేదు. ఆయన లేచి పాకలోకి వెళ్ళిపోయాడు. ఇంక ఆయన్ని నేను చూడలేదు.

నేను లేచేసరికి ఆయన భార్య గ్లాసుతో మజ్జిగ తెచ్చింది. ఎండన పడి వచ్చేవు, తాగి ఎల్లు బాబూ అంది. వద్దనాలి. వద్దని చెప్పే అర్హత కూడా లేదనుకున్నాను, కాని నిజం అది కాదు. నిజానికి నాకు దాహం వేస్తోంది. అల్లం, కరివేపాకు వేసిన చల్లటి మజ్జిగ. చివరి చుక్కదాకా తాగేశాను.